మర్యాదస్తుల మధ్య మైకు

మా ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయి ఒకరోజు మధ్యాహ్నం క్యారేజీ మూత పెడుతూ, తాను పాడ్‌కాస్ట్ మొదలుపెడుతున్నానని, మంచి మైకు ఏదో చెప్పమని అడిగింది. ఏ విషయం అడిగినా ఏదో ఒకటి చెబుతానని ఆఫీసులో నాకొక పేరుంది. కాసేపు ఆలోచించి, "మీ గదికి వంటిల్లు ఎంత దూరం అమ్మా?" అన్నాను.

ఆ అమ్మాయి నావైపు జాలిగా చూసింది. "మైకు సార్" అంది మళ్లీ, ఈసారి కాస్త గట్టిగా, పెద్దవాళ్లకి చెప్పినట్టు.

"మైకేనమ్మా. నీ ఎదురుగా కూర్చునేవాళ్లు మర్యాదస్తులా?"

మర్నాడు ఆ అమ్మాయి ఇంటర్నెట్‌లో చూసి ఏదో కొనేసుకుంది. నేనడిగిన ఆ రెండు ప్రశ్నలూ మాత్రం మైకుల గురించి నాకు తెలిసిన మొత్తం శాస్త్రం. అది నాకు నేర్పినాయన పోయి చాలా ఏళ్లయింది.

ఆయన్ని మేం బాబాయిగారు అనేవాళ్లం. వరసకి నాకేమీ కారు. పాలకొల్లులో మా వీధిలో సగంమందికి ఆయన బాబాయిగారు. మిగతా సగం ఆయనకంటే పెద్దవాళ్లు, వాళ్లూ అలాగే పిలిచేవారు. అన్నదమ్ములిద్దరికీ కలిపి ఒక రైసుమిల్లు ఉండేది. మిల్లు గుమ్మంలో బాబాయిగారి బల్ల, బల్లకెదురుగా ఒక పేము కుర్చీ. ధాన్యం తెచ్చినవాళ్లు, తేనివాళ్లు, నరసాపురం బస్సు తప్పిపోయినవాళ్లు, అందరూ ఆ కుర్చీలో కూర్చుని నాలుగు మాటలు చెప్పి పోయేవారు. మిల్లులో మిషన్ల చప్పుడుకి సగం మాటలు వినపడేవి కావు. అయినా ఆయన అన్నిటికీ "ఆయ్" అనేవారు. ఆ "ఆయ్"లో ఎంత శ్రద్ధ ఉండేదంటే, చెప్పేవాడికి తాను చెబుతున్నది ముఖ్యమైన సంగతేనని నమ్మకం కుదిరేది.

మోకాళ్లు మొరాయించాక మిల్లు తమ్ముడికి అప్పగించి ఆయన ఇంటిపట్టున ఉండిపోయారు. వస్తూ వస్తూ ఆ పేము కుర్చీని కూడా రిక్షాలో వేసుకుని తెచ్చుకున్నారు. కుర్చీ ఇంటికొచ్చింది. మనుషులు మాత్రం మిల్లుకే వెళ్లారు.

కొన్నాళ్లు ఆయన పేపరు చదివారు. తర్వాత కొన్నాళ్లు ఆ పేపరునే పిన్నిగారికి పైకి చదివి వినిపించారు. చివరికి పిన్నిగారే, "ఏదో ఒకటి పెట్టుకోండి బాబూ, మనుషులొచ్చేది. నేనొక్కదాన్నీ ఎంతకని వినను" అన్నారు.

అలా పుట్టింది బాబాయిగారి క్యాసెట్టు. క్యాసెట్‌కి ఒకవైపు ఒక పెద్దమనిషి, రెండోవైపు ఇంకో పెద్దమనిషి. బాబాయిగారి ముందుగదిలో ఆ కుర్చీలో కూర్చుని వాళ్లు తమ జీవితంలో ముఖ్యమైన సంగతులు చెబుతారు. ఆయన అడుగుతారు, వాళ్లు చెబుతారు. కాపీలు తీసి సెలూనుకి, టీకొట్టుకి, కొబ్బరికాయల గోడౌనుకి పంచుతారు. ఇప్పుడు దీన్ని కనిపెట్టామని అంటున్నవాళ్లెవరికీ నేను అడ్డు చెప్పను. ఊరికి ఉపకారమని ఆయన పైకి అనేవారు. ఆయనకి కావలసిందల్లా ఎదురుగా ఆ కుర్చీ ఖాళీగా ఉండకపోవడం. ఇది పిన్నిగారికి తెలుసు, నాకు తెలుసు, వచ్చే పెద్దమనుషులకీ తెలుసు. ఎవరూ పైకి అనేవారు కాదు.

సాంకేతిక సలహాదారుణ్ణి నేను. నేను చదివిన బియ్యెస్సీలో ఎలక్ట్రానిక్స్ ఒక సబ్జెక్టు. నాకు ఫ్యూజు వేయడం కూడా చేతకాదని ఆయన స్వయంగా చూశారు. చదువు మీద గౌరవంతో ఆ సంగతి ఎత్తేవారు కాదు.

టేప్‌రికార్డరులో ఉండే మైకుతో చేసిన మొదటి క్యాసెట్టులో ఫ్యాను బాగా వచ్చింది. మైకు కొనాలని నిశ్చయమై ఇద్దరం రాజమండ్రి బయల్దేరాం. కొవ్వూరు దాటి రైలు వంతెనెక్కగానే పెట్టెలో అందరూ గొంతు పెంచి మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. బాబాయిగారు నా మోకాలు తట్టి కిటికీలోంచి గోదావరిని కాకుండా మనుషుల్ని చూపించారు.

"ఇంత రొదలోనూ ఎవడి మాట వాడికి అందుతోంది చూశావా? అలాంటి మైకు కావాల్రా మనకి."

దుకాణంలో మైకుల్ని ఆయన ధాన్యం శాంపిల్ చూసినట్టు చూశారు. అరచేతిలో పెట్టుకుని బరువు అంచనా కట్టారు. జాలీ మీద వేలితో రాసి, ఆ వేలు వెల్తురులోకి పెట్టి చూసుకున్నారు. పరీక్షించడానికి అందరిలా హలో అనలేదు. "హలో అంటే మనిషి గొంతు ఏం తెలుస్తుంది రా" అని, మైకు దగ్గరగా వంగి, "బావున్నారాండి? ఇంట్లో అంతా కులాసానా?" అని అడిగారు. అటు స్పీకరు పక్కన నిలబడ్డ దుకాణదారు, "ఆయ్, మీ దయవల్లనండి" అన్నాడు. బాబాయిగారికి ఆ మైకు నచ్చింది.

ఆ మైకుది సభల్లో పట్టుకునే జాతి. గుండ్రటి తలకాయ, నోటికి దగ్గరగా పెట్టుకుంటేనే పలుకుతుంది. దూరంగా మాట్లాడితే పట్టించుకోదు. బల్ల మీద చిన్న స్టాండు పెట్టి దాన్ని అతిథి ముందుంచాం. ఎరువుల కొట్టాయన వచ్చి కూర్చున్నారు.

"చెప్పండి" అంటూ బాబాయిగారు మైకుని ఆయనవైపు జరిపారు.

"ముందు మీరు కానివ్వండి" అని ఆయన మైకుని ఇటు జరిపారు.

"అబ్బే, మీరుండగా నేనేంటండి."

"పెద్దవారు, తమరు మాట్లాడకుండా నేనెలా అండి."

మైకు బల్ల మీద అటూ ఇటూ తిరుగుతూనే ఉంది. మా వైపు ఏ వస్తువునైనా ఎదుటివాళ్లకి దగ్గరగా జరపడం మర్యాద. మంచినీళ్ల గ్లాసు, కారప్పూస పళ్లెం, పీట, ఫ్యాను, అన్నీ. మైకు దీనికి మినహాయింపు అని ఎవరూ చెప్పలేదు. ఎవరు మాట్లాడుతుంటే వాళ్లు మైకుని ఎదుటివాళ్ల ముందుకు తోస్తారు. అంటే ఆ మైకు ఎప్పుడూ మాట్లాడనివాళ్ల ముందే ఉంటుంది. క్యాసెట్టులో మాకు వచ్చింది ఇద్దరు పెద్దమనుషులు శ్రద్ధగా వింటున్న నిశ్శబ్దం. మధ్యమధ్య "ఆయ్".

"చేతికిచ్చేద్దామండి" అని సలహా చెప్పాను. చేతికిచ్చాం. చేతిలోకి మైకు రాగానే కొబ్బరికాయల వ్యాపారి లేచి నిలబడి, "వేదిక నలంకరించిన పెద్దలకు" అని మొదలుపెట్టారు. వేదిక మీద బాబాయిగారు, నేను, వడియాల పళ్లెం.

తర్వాత చొక్కా కాలరుకి తగిలించే చిన్న మైకులు తెప్పించాం. జరపడానికి వీలుండదని నా ఎత్తు. మా ఊరి పెద్దమనుషులు ఒకరింటికి ఒకరు సాయంత్రంపూట బనీను మీద కండువాతో వస్తారు. కాలరు మైకులొచ్చాయి, కాలర్లు రాలేదు. కండువాకి తగిలిస్తే, ఎదుటివారి మాటకి గౌరవంగా కండువా సర్దుకునేవారు. ప్రతి సర్దుకోవడమూ క్యాసెట్టులో కొబ్బరిమట్ట ఈడ్చినట్టు వినపడేది.

ఇన్ని జరిగినా కుర్చీ మాత్రం ఖాళీ లేదు. మైకు సంగతి తేలేదాకా ఆగి చూద్దామని కూడా కొందరొచ్చేవారు. బాబాయిగారు కళకళలాడుతూ ఉండేవారు. మైకు కుదరకపోవడం వల్ల ఆయనకి జరిగిన నష్టమేమీ లేదు. అక్కడితో ఆగుంటే బావుండేది.

కానీ అప్పటికి కంప్యూటర్లొచ్చేశాయి, బాబాయిగారింట్లోకీ ఒకటొచ్చింది. ఎవరో మద్రాసు నుంచి వచ్చినాయన, స్టూడియోల్లో వాడేది కండెన్సర్ మైకని, అది చీమ నడిచినా పడుతుందని చెప్పి వెళ్లాడు. బాబాయిగారికి నిద్ర పట్టలేదు. చీమ మాటే పట్టేది మనిషి మాట పట్టకపోతుందా అన్నది ఆయన వాదన. దీనికి తీగలోంచే కరెంటు పంపించాలి. అందుకని మైకుకీ కంప్యూటరుకీ మధ్య ఒక డబ్బా ఉండాలి. దుకాణంవాళ్లు దాన్ని ఆడియో ఇంటర్‌ఫేస్ అన్నారు. బాబాయిగారు మధ్యవర్తి అన్నారు.

ఈ డబ్బాల్లో ఒక మైకు పెట్టేవి, రెండు పెట్టేవి అని రెండు రకాలు. జీవితంలో నేనిచ్చిన ఒకే ఒక్క మంచి సాంకేతిక సలహా అప్పుడే ఇచ్చాను. "రెండు పెట్టేది తీసుకుందామండి. ఆయనకొకటి, మీకొకటి. జరుపుకునే గొడవ ఉండదు."

ఆయన చాలా నొచ్చుకున్నారు.

"ఎవరి మైకు వాళ్లకి పెడితే, భోజనానికి పిలిచి ఒకర్ని ఇటు గోడకి, ఒకర్ని అటు గోడకి తిప్పి కూర్చోబెట్టినట్టుంటుంది రా. ఇద్దరి మధ్యా ఒకటుండాలి. అప్పుడే అది మాట."

ఒకటి పెట్టేదే తీసుకున్నాం.

కండెన్సర్ మైకుకి ఒక ముఖం ఉంటుంది. ఎటు ముఖం పెడితే అటువైపు బాగా వింటుంది. పక్కనున్నవాళ్ల మాట కాస్త తగ్గించి వింటుంది, వీపు వెనకవాళ్లని పట్టించుకోదు. అచ్చం మనుషుల్లాగే ఉందని బాబాయిగారు మురిసిపోయారు. జాలీ మీద దుమ్ము పడకుండా పిన్నిగారు ఉన్ని టోపీ అల్లారు. అతిథి రాగానే బాబాయిగారు ఆ టోపీ తీసి, కండువా చెంగుతో మైకుని ఒకసారి తుడిచి, గ్లాసు అందించినట్టు ముందుకు పెట్టేవారు.

దీనికి మొదటి అతిథిగా ఎవర్ని పిలవాలన్నది ఆలోచించే పనే లేదు. లెక్కల మాస్టారు. రిటైరై చాలాకాలమైనా ఊళ్లో అందరూ ఇంకా ఆయన స్టూడెంట్లే. మిల్లు రోజుల్లో ఆ పేము కుర్చీలో అందరికంటే ఎక్కువసేపు కూర్చున్నది ఆయనే. బాబాయిగారు ఇంటికొచ్చేశాక కూడా మానకుండా వచ్చింది ఆయనొక్కరే. కుర్రతనంలో నరసాపురం రేవు దగ్గర గాలివానలో పడవ తిరగబడబోతే, తెడ్డందుకుని జనాన్నంతా ఒడ్డుకి చేర్చిన కథ ఒకటి ఆయనకుంది. మా ఊళ్లో అది వినని చెవి లేదు.

ఆ రోజు కరెంటు పోలేదు. అన్నీ సవ్యంగా ఉన్నాయి. "షాకు కొట్టదు కదండీ" అన్నారు మాస్టారు మైకుని చూసి. "పెద్దల్ని కొట్టదండి" అన్నారు బాబాయిగారు, అయినా జాగ్రత్తకి మాస్టారి కాళ్ల కింద చెక్కపీట వేయించారు. "దీనికి ముఖముందండి, మీవైపు తిప్పుతున్నాను" అని తిప్పారు. "ఎంతమాటండి" అని మాస్టారు ఆయనవైపు తిప్పారు. ఒకరు కాస్త అటు, ఒకరు కాస్త ఇటు. ఇద్దరూ సమానమైన మర్యాదస్తులు కావడంతో, చివరికి మైకు ఇద్దరికీ సరిగ్గా మధ్యన, ఎవరివైపూ కాకుండా ఆగింది. అటు వంటింటి గుమ్మం ఉంది.

మాస్టారి గొంతు సన్నగా వస్తోందని బాబాయిగారు డబ్బా మీద గుండీ ఇంకాస్త తిప్పారు.

రికార్డు చేసింది ఆయన మళ్లీ వినలేదు. అతిథి వెళ్లాక ఆయన మాట వెనకాల విని సరిచూడడం, లెక్క తప్పాడేమోనని అనుమానించినట్టుంటుందట. కంప్యూటర్లోంచి క్యాసెట్లకి కాపీలు తీసి పంచేశారు.

ఆదివారం సెలూనులో నేను పేపరు పట్టుకుని బెంచీ మీద ఉన్నాను. కుర్చీలో మాస్టారు. మొహం నిండా నురగ. సెలూనాయన మాస్టారి మీద గౌరవంతో ఆ క్యాసెట్టే పెట్టి, సౌండు పెంచాడు. గాలివాన మొదలైంది. పడవ ఊగుతోంది. మాస్టారి గొంతు దూరంగా, ఎక్కడో అవతలి ఒడ్డు నుంచి వస్తున్నట్టుంది. "పడవ నిండా పెళ్లివారండి, ఆడవాళ్లు, పిల్లలు" అని చెప్పి ఆయన ఊపిరి తీసుకోవడానికి ఆగారు. ఆ సందులో పిన్నిగారి గొంతు, మన చెవి పక్కనే నిలబడి మాట్లాడినంత స్పష్టంగా వచ్చింది. చుట్టపుచూపుగా వచ్చిన చెల్లెలితో అంటున్నారు.

"మొదటిసారి చెప్పినప్పుడు పడవలో ఈ మాస్టారూ, ఒక మేకా ఉన్నారే. తర్వాత పెరుగమ్మేవాళ్లెక్కారు. ఇవాళ పెళ్లివారు కూడా ఎక్కేశారు. లెక్కల మాస్టారు కదా, కూడికలు బాగా వచ్చు."

చెల్లెలి నవ్వు. ఇత్తడి గిన్నె కిందపడ్డ చప్పుడు. చాలా మంచి మైకు.

సెలూనులో ఎవరూ నవ్వలేదు. మా వాళ్లు ఎదురుగా నవ్వరు. బెంచీ మీదున్న నలుగురం ఒకే పేపరులో తల దూర్చాం. సెలూనాయన కత్తి గాల్లో ఆగింది.

"గడ్డం అయిందా?" అన్నారు మాస్టారు.

"ఒకపక్కే అయిందండి. రెండో పక్క ఉందండి."

"ఉండనీ."

తువ్వాలు తీసి మడతపెట్టి, కుర్చీ చెయ్యి మీద వేసి, సగం గడ్డంతో బజారులోంచి నడిచి వెళ్లిపోయారు. దారిలో స్టూడెంట్లు నమస్కారం పెడితే మామూలుగానే తలాడించారు.

ఆ తర్వాత మాస్టారు బాబాయిగారి ఇంటివైపు రాలేదు. మాస్టారు రాకపోవడంతో ఆగలేదది. ఇదివరకు కుర్చీలో కూర్చున్న ప్రతివారికీ, తమ వెనకాల వంటింట్లో ఏం నడిచిందోనని దిగులు పట్టుకుంది. అన్నాళ్లూ తమ క్యాసెట్టు తామే వినని పెద్దమనుషులు, ఇప్పుడు తెచ్చుకుని, తలుపులేసుకుని, తమ మాటలు వదిలేసి వాటి వెనకున్నది చెవులు రిక్కించి విన్నారు. పాత మైకుల్లో అంత దూరం మాట పడదని నేను ఎంత చెప్పినా ఒప్పుకోలేదు. ఎరువుల కొట్టాయన తన క్యాసెట్టు పూర్తిగా విని, తన గురించి వంటింట్లో ఒక్క మాటా లేదని నొచ్చుకున్నారని కూడా విన్నాను.

మొత్తానికి కుర్చీ ఖాళీ అయిపోయింది. పిన్నిగారు, "నేనన్నదాంట్లో అబద్ధముందా?" అన్నారొకసారి. అబద్ధం లేకపోవడమే కదా ఇబ్బంది. తర్వాత ఆవిడ ఆ మాట ఎత్తలేదు. సాయంత్రం కాఫీ అలవాటుగా ఎక్కువే కలిపేసి, మిగిలింది నాకు రెండోసారి పోసేవారు. ఆ రోజుల్లో నాకు రాత్రిళ్లు నిద్ర ఉండేది కాదు.

వంటింటి తలుపు వేద్దామని, మైకు వీపు అటు పెడదామని, పాత మైకే నయమని నేను రకరకాలుగా చెప్పి చూశాను. బాబాయిగారు మైకు టోపీ తీసి, తుడిచి, మళ్లీ టోపీ పెట్టేవారు.

"దీని తప్పేముందిరా. విన్నది చెప్పింది" అన్నారు.

ఒకరోజు చక్కెరకేళి అరటిపళ్లు ఒక అత్తం నా చేతికిచ్చి, "పద" అన్నారు. మాస్టారింటికి వెళ్లాం. మాస్టారు లేచి ఎదురొచ్చి, ఫ్యాను బాబాయిగారివైపు తిప్పారు. ఇద్దరూ కాలువలు కట్టేసిన సంగతి మాట్లాడుకున్నారు. భీమవరం వైపు వరిచేలన్నీ రొయ్యల చెరువులైపోతున్న సంగతి మాట్లాడుకున్నారు. మోకాళ్ల నూనె గురించి చాలాసేపు మాట్లాడుకున్నారు. క్యాసెట్టన్న మాట ఇద్దరి నోటా రాలేదు. క్షమాపణ చెప్పడం మా వైపు అమర్యాద. తప్పు జరిగిందని ఎదుటివాళ్లకి గుర్తుచేసినట్టవుతుంది. ఇక లేవబోతుండగా మాస్టారు గోడమీది క్యాలెండరు చూస్తూ అన్నారు.

"మీ మైకు కులాసానాండి?"

"ఆయ్, ఉందండి."

"మంచి మైకండి. దూరం వింటుంది."

బాబాయిగారు మళ్లీ కూర్చున్నారు. చాలాసేపు కండువా అంచు వేళ్లతో లెక్కపెట్టినట్టు తడిమారు.

"రేపు సాయంత్రం ఓసారి రండి మాస్టారూ. తీగ పీకేసి పెడతాను."

"తీగ పీకేశాక మైకెందుకండి ఇంక?"

"ఏదో ఒకటుండాలి కదండి, మధ్యలో. ఊరికే మాట్లాడుకుందాం రండంటే ఎవరొస్తారు?"

బాబాయిగారు అలాంటి మాట పైకి అనడం నేను విన్నది అదొక్కసారే.

మర్నాడు బాబాయిగారు నాచేత మైకు తీగ ఊడదీయించారు. చుట్ట చుట్టి, దాని కొస మాత్రం ఒక పళ్లెంలో పెట్టి, తాంబూలంలా అతిథి కుర్చీ ముందుంచారు. చూసుకోవడానికి వీలుగా. డబ్బాని అటక మీదికెక్కించారు. మాస్టారొచ్చారు. కూర్చున్నారు. తీగ కొస తీసి వెల్తురులో అటూ ఇటూ తిప్పి చూసి పళ్లెంలో పెట్టారు. మైకుని బాబాయిగారివైపు తిప్పారు. బాబాయిగారు మాస్టారివైపు తిప్పారు.

"పడవ తిరగబడలేదండి" అన్నారు మాస్టారు.

"ఆయ్."

"గాలివాన కూడా రాలేదండి. పడవ ఇసుకమేట మీద కూరుకుపోయింది. పడవవాడు సాయం తెస్తానని నడుంలోతు నీళ్లలో దిగి వెళ్లిపోయాడు. నాకు ఈత రాదు. పొద్దున్నించి సాయంత్రం దాకా ఆ మేకని గట్టిగా పట్టుకుని కూర్చున్నాను. ఉద్యోగానికి ఇంటర్వ్యూ ఆ రోజు. అది పోయింది. ఏడ్చానండి."

బాబాయిగారు "ఆయ్" అనలేదు. ఆయన ఆ మాట అనకుండా వినడం నాకు కొత్త.

గుమ్మంలో పిన్నిగారు నిలబడి ఉన్నారు. ఎప్పుడొచ్చారో తెలియదు. కాఫీ గ్లాసు తెచ్చి మాస్టారి చేతికే అందించారు. మామూలుగా అయితే లోపల్నుంచి నాచేత పంపేవారు.

"ఆ మేక ఎవరిదండీ మాస్టారూ?" అన్నారు.

మాస్టారు ఆలోచించారు. "ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదమ్మా" అన్నారు. "నాది మాత్రం కాదు."

పిన్నిగారు గుమ్మంలోనే పీట వేసుకుని కూర్చుండిపోయారు. ఆ పీట ఇంక అక్కణ్నుంచి కదల్లేదు.

ఆ పళ్లెం సంగతి ఊళ్లో ఎలా పొక్కిందో నాకు తెలియదు. సెలూనుంది కదా. ఒకరొకరే రావడం మొదలుపెట్టారు. వచ్చినవాళ్లు ముందుగా తీగ కొస చూసుకునేవారు. తర్వాత మైకుని బాబాయిగారివైపు జరిపేవారు. ఆ తర్వాత చెప్పేవారు, వేదికా పెద్దలూ లేకుండా. ఎరువుల కొట్టాయన అన్నగారితో కోర్టుకెక్కిన అసలు కారణం చెప్పారు. కొబ్బరికాయల వ్యాపారి తాను చదవడం రాకుండానే ఇన్నాళ్లూ పేపరు పట్టుకు తిరిగానని చెప్పారు. నేనూ ఒకసారి తీగ కొస చూసుకుని ఆ కుర్చీలో కూర్చున్నాను. ఏం చెప్పానో ఇక్కడ అప్రస్తుతం.

బాబాయిగారు మైకులు కొనడం మాత్రం మానలేదు. తీగ పెట్టని మైకు ఎంత పెద్దదైతే అంత మంచిదని ఆయన కొత్త సిద్ధాంతం. మళ్లీ రాజమండ్రి, మళ్లీ అరచేతిలో బరువు, మళ్లీ కులాసా ప్రశ్నలు. "పాటకాండి, మాటకాండి?" అని దుకాణదారు అడిగితే, "మధ్యలో పెట్టుకోడానికండి" అనేవారు. చివరికి కొన్నది గుమ్మడిపిందెంత ఉంది. దాన్ని చూసి పక్క ఊళ్లనుంచి కూడా వచ్చారు. ఊళ్లో అంత మంచి మైకు ఇంకొకటి లేదని, దాంతో ఒక్క ముక్క కూడా రికార్డు కాలేదని ప్రతివారూ గర్వంగా చెప్పుకునేవారు.

ఆయన ఒక ఎండాకాలం మధ్యాహ్నం భోజనం చేసి పడుకుని లేవలేదు.

పెద్దకర్మ రోజు పందిట్లో నేను పెద్దమనుషుల వరసలో కూర్చున్నాను. ఆయన మంచితనం గురించి మాటలైపోయాయి. ఎరువుల కొట్టాయన గొంతు సవరించుకున్నారు.

"బాబాయిగారు ఎప్పుడైనా మా సంగతి ఏమైనా అన్నారాండి తమతో?"

"అబ్బే, లేదండి" అన్నారు కొబ్బరికాయల వ్యాపారి. "మా సంగతి ఏమైనా?"

"లేదండి."

"మాదో?"

"ఎప్పుడూ లేదండి."

ప్రశ్న వరస చివరిదాకా వెళ్లి తిరిగొచ్చింది. నన్నూ అడిగారు, నేనూ అడిగాను. ఆయన ఎవరిదీ ఎవరికీ చెప్పలేదు. క్యాసెట్లు కాపీలు తీసి ఊరంతా పంచిన మనిషి. అందరి మొహాల్లోనూ బరువు దిగింది. మాస్టారు కళ్లు తుడుచుకున్నారు. ఆయన్ని తలుచుకుని మేమంతా నిజంగా బాధపడింది అప్పుడే అనుకుంటాను.

విస్తళ్లు వేస్తున్నారని పిలుపొచ్చింది. లేవబోతూ అందరం ఒకసారి లోపలికి చూశాం. గుమ్మంలో, తన పీట మీద, పిన్నిగారు కూర్చుని ఉన్నారు.

ఎవరూ కదల్లేదు. చివరికి మాస్టారే ఆవిడ దగ్గరికి వెళ్లారు.

"అమ్మా, ఏమైనా కావలసొస్తే కబురు పెట్టండి. పాత సంగతులు తలుచుకుని మనసు కష్టపెట్టుకోకండి."

"పాతవి నాకేం గుర్తుంటాయండీ మాస్టారూ, పెద్దదాన్నయిపోయాను" అన్నారు పిన్నిగారు. కొంగు సర్దుకుని, వరసలో ఉన్న మా అందరివైపూ నెమ్మదిగా ఒకసారి చూశారు. "అన్నీ గుర్తుండవు."

మర్నాడు సాయంత్రం నేను మామిడిపళ్లు పట్టుకుని వెళ్లేసరికి పేము కుర్చీ ఖాళీ లేదు. అరుగు మీద నాకు ముందు ముగ్గురున్నారు.